ఫ్లాష్‌బ్యాక్ లేనోని సినిమా

నన్ను కన్నోళ్లెవరో నాకు తెల్వదు. సాదుకున్నోళ్లే నా అమ్మానాయిన. ఫిల్మ్‌నగర్‌ల ఎడిటింగ్ పని చేస్తున్నప్పుడు, జూబ్లీహిల్స్‌ల ఒక ఆఫీసుకు పోయి నా కథ చెప్పిన. "బాగుంది తమ్మీ, ఇంటర్వెల్‌కు కన్నతల్లి దొరకాలె" అన్నడు అక్కడి సారు.

దొరకలేదు సార్, అదే నా కథ!

మన సినిమాల్ల దత్తత అంటే దాచిపెట్టిన రహస్యం. పుట్టుమచ్చతోనో, తాయత్తుతోనో బయటపడాలె. నాలాంటోళ్లకు అసలు ఫ్లాష్‌బ్యాకే ఉండదు. లేనిదాన్ని ఎట్ల చూపెట్టాలె? ఇక్కడనే ప్రయోగాత్మక సినిమా పనికొస్తది. దానికి హీరో, క్లైమాక్స్ ఉండాలన్న షరతు లేదు. నల్లటి తెర మీద అమ్మ గొంతు ఒక్కటే వినిపించొచ్చు. పాత ఫొటోలు, దత్తత కాయితాలే పాత్రలైతయి.

కొరియాల పుట్టిన డియాన్ బోర్షే లీమ్‌ను 1966ల అమెరికాకు దత్తత పంపిన్రు, అదీ ఇంకో పిల్ల పేరు మీద. పెద్దయినంక ఆమె, సాదుకున్న నాయిన ఇంట్ల తీసిన పాత రీళ్లను కూడా వాడుకొని, 2000ల 'ఫస్ట్ పర్సన్ ప్లూరల్' తీసింది.

మన దేశంల 2022 దత్తత నిబంధనల ప్రకారం, చట్టబద్ధంగా దత్తత పోయినోళ్లు 18 ఏండ్లు నిండితే తమ మూలాల కోసం సొంతంగా అడగొచ్చు. కాకపోతే కన్నోళ్ల గోప్యతకు భంగం రావద్దు.

నేనింకా అడగలే. ఫోన్‌ల షూటింగ్ మాత్రం మొదలుపెట్టిన. మొదటి షాట్, చాటల బియ్యం ఏరుతున్న అమ్మ చేతులు. "నన్నెందుకు తీస్తున్నవ్‌రా?" అంటది. ఆ మాట కట్ చెయ్యలే.