కొత్త రిమోటుకి కదలని పాత కారు
ఎర్రదీపం ఆర్పితే తీరిన చిక్కు

(గ్రామీణ విలేకరి)

పాత సామాన్లవాడు మా అక్కగారి ఇంటిముందు సైకిలు ఆపేసరికే వరండాలో అట్టపెట్టె సిద్ధంగా వుంది. అందులో నల్లటి వీడియో గేమ్ మెషిన్ ఒకటి, మూడు డిస్కులు, ఎలుక వైరు కొరికేసిన పాత రిమోటు, టౌనులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మరో రిమోటు వున్నాయి. తాను కూడబెట్టుకున్న పండగ డబ్బులు పెట్టి రిమోటు తెచ్చానని, అయినా కారు అంగుళం కదలలేదని, కాబట్టి మెషినే పోయిందని మా మేనల్లుడు తేల్చేశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "కిలో లెక్కన ఎంతిస్తాడో కనుక్కో మావయ్యా" అని ఈ విలేకరికే పని చెప్పాడు.

ఆ మెషిన్ వాళ్ల నాన్న కువైట్ నుంచి 2006లో సెలవుకు వస్తూ తెచ్చుకున్నది. అమ్మేముందు ఒక్కమాట అడుగుదామని ఫోన్ చేశాం. అంతా విన్నాక మా బావ ఒకటే అడిగాడు: "రిమోటు మధ్యలో ఎర్రదీపం వెలుగుతోందేమో చూడరా."

వెలుగుతోంది.

"దాని పక్కనున్న బటన్ నొక్కి ఆర్పెయ్."

నొక్కాడు. దీపం ఆరింది. ఎడమవైపు బాణం బటన్ మీద వేలు వేయగానే తెరమీద కారు పక్కకు తిరిగింది. ఇంత చిన్న సంగతికి ఒక మెషిన్ తూకానికి వెళ్లబోయింది. ఇలాంటి పాత పెట్టెలు గల్ఫ్ వెళ్లివచ్చిన వాళ్ల ఇళ్లలో అటకల మీద యింకా వుంటాయి కనుక యీ వ్యవహారం కొంచెం వివరంగా రాయవలసి వస్తున్నది.

జాబితాలో లేని పేరు

మెషిన్ పేరు ప్లేస్టేషన్ 2. జపాన్‌కు చెందిన సోనీ కంపెనీ 2000 సంవత్సరం మార్చి 4న విడుదల చేసింది. అంతకు ముందు, 1994 డిసెంబరు 3న, మొదటి ప్లేస్టేషన్ వచ్చింది. పాత మెషిన్ డిస్కులు కూడా కొత్త మెషిన్‌లో ఆడతాయన్నది రెండోదానికి పెద్ద ఆకర్షణ అయింది. అందుకోసం కంపెనీవారు చేసిన ఏర్పాటు కూడా తమాషాగానే వుంది. మొదటి ప్లేస్టేషన్ మెదడు వంటి చిప్‌ను తొలి రకాల ప్లేస్టేషన్ 2 లోపలే అమర్చారు. కొత్త ఆట నడిచేటప్పుడు అది రిమోట్ల వంటి చిల్లరపనులు చూసే గుమాస్తా. పాత డిస్కు పెట్టగానే మళ్లీ అదే యజమాని.

మెషిన్ వరకు సరే, మరి రిమోటు? మొదటి ప్లేస్టేషన్‌తో వచ్చిన రిమోటుకు బటన్లే తప్ప బొటనవేళ్లతో తిప్పే మీటలు లేవు. ఆ రెండు మీటలున్న రకాలు 1997లో వచ్చాయి. చేతిలో గడగడ వణికే డ్యుయల్‌షాక్ రిమోటు కూడా ఆ ఏడాదే జపాన్‌లో విడుదలైంది. ప్లేస్టేషన్ 2తో వచ్చింది డ్యుయల్‌షాక్ 2. ప్లగ్గు మారలేదు, సాకెట్టు మారలేదు. అందుకే కొత్తది పాతదాని స్థానంలో చక్కగా దిగుతుంది. దిగింది కదా అని పనిచేస్తుందనుకోవడం దగ్గరే చిక్కు వస్తున్నది.

రిమోటు తగిలించగానే మెషిన్ దాన్ని పలకరిస్తుంది. నువ్వు ఏ రకం అని అడుగుతుంది. రిమోటు తన రకాన్ని ఒక సంఖ్యగా చెప్పుకుంటుంది. ఎర్రదీపం ఆరివున్నప్పుడు 1994 నాటి పాతరకం సంఖ్య చెబుతుంది. దీపం వెలిగితే మీటలున్న రకం సంఖ్య చెబుతుంది. 1996లో తయారైన ఆటకు ఆ రెండో సంఖ్య ఎక్కడినుంచి తెలుస్తుంది? చౌకడిపో డీలరు దగ్గర నిరుటి జాబితా వుందనుకోండి. ఈ ఏడాది కాపురానికి వచ్చిన కోడలు సంచి పట్టుకుని నిలబడినా పేరు లేదంటాడు. మనిషి ఎదురుగా వున్నా సరుకు ఇవ్వడు. అలాగే ఆ రోజుల ఆటల్లో కొన్ని, కొత్త రకం రిమోటు కనపడితే అసలు రిమోటే లేదన్నట్టు వూరుకుంటాయి. అనలాగ్ అని రాసివున్న బటన్ నొక్కి దీపం ఆర్పితే అదే రిమోటు పాతపేరు చెప్పుకుంటుంది. ఆట తలుపు తీస్తుంది.

మా మేనల్లుడు చేసిన తప్పు కూడా తప్పు కాదు. దీపం వెలిగితేనే రిమోటు బతికి వున్నట్టు అని ఎవరైనా అనుకుంటారు. మోటారు స్టార్టరు దగ్గర మనమూ అదే చూస్తాం కదా.

దీపం ఆరినప్పుడు ఆ రెండు మీటలూ పనిచేయవు. బాణాల బటన్లే గతి. మీట తిప్పి కారు తిరగలేదంటే రిమోటు పాడైనట్టు కాదు. కాగా దీనికి పూర్తిగా తలకిందుల వ్యవహారం కూడా వున్నది. 1999లో ఏప్ ఎస్కేప్ అనే కోతులు పట్టే ఆట వచ్చింది. రెండు మీటలూ లేనిదే దాన్ని ఆడలేము. దానికి ఎర్రదీపం వెలగవలసిందే. కనుక ఏ ఆట ఏ సంవత్సరానిదో డిస్కు మీదో, కవరు మీదో ముందు చూసుకోవాలి. ఏదీ తెలియకపోతే ఒకసారి వెలిగించి, ఒకసారి ఆర్పి చూస్తే సరి. ఖర్చులేని పరీక్ష.

డ్యుయల్‌షాక్ 2లో బటన్‌ను ఎంత గట్టిగా నొక్కారో కూడా తెలిసే ఏర్పాటు వుంది. పాత ఆటలకు ఆ సంగతి పట్టదు. పళ్లు బిగబట్టి నొక్కినా కారు అదే వేగం. మా వాడు ఆ సాయంత్రమంతా అలాగే నొక్కాడనుకోండి, అది వేరే విషయం.

రిమోటు తప్పు కానివి

అమెరికాలో వున్న బంధువులు పంపిన మెషిన్ల విషయంలో మరో రెండు జాగ్రత్తలు అవసరం. సోనీవారు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడదీసి యీ ఆటలను అమ్మారు. అమెరికా ప్లేస్టేషన్ 2లో మన దేశంలో కొన్న డిస్కు పెడితే తీసుకోదు. అప్పుడు రిమోటు మార్చి లాభం లేదు. రెండోది ప్రమాదకరమైనది. అమెరికాలో అమ్మిన తొలి రకం లావుపాటి మెషిన్ 120 వోల్టులది. మన ప్లగ్గులో 230 వోల్టులు వస్తాయి. వెనుక అంటించిన చీటీ చదవకుండా స్విచ్ వేస్తే అక్కడితో సరి. కువైట్‌లో కరెంటు 240 వోల్టులు కాబట్టి మా బావ తెచ్చినదానికి యీ గండం లేదు.

పాత ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే చిన్న కార్డు కూడా తిరకాసుదే. మొదటి ప్లేస్టేషన్ ఆటలు ప్లేస్టేషన్ 2 కార్డులో దాచుకోవు. మొదటి ప్లేస్టేషన్ కార్డే కావాలి. అది అదే సందులో దిగుతుంది. రెండూ ఒకేలా వుంటాయి కనుక కొనేటప్పుడు అడిగి మరీ కొనాలి.

అందరిదీ ఒక తీరు కాదు

జపాన్‌లోనే మరో కంపెనీ నిన్‌టెండో. వీరు 2006లో తెచ్చిన వీ అనే మెషిన్‌లో తమ పాత గేమ్‌క్యూబ్ డిస్కులు ఆడేవి. కానీ గాలిలో ఊపుతూ ఆడే కొత్త రిమోటు ఆ ఆటలకు పనికిరాదు. పాత రిమోటే తగిలించాలి. అందుకోసం మెషిన్ పైభాగంలో మూతకింద నాలుగు సాకెట్లు పెట్టారు. 2011లో తెచ్చిన చవక రకంలో ఆ సాకెట్లు తీసేశారు, దాంతో పాత ఆటలూ పోయాయి.

అమెరికాకు చెందిన మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ దారి వేరు. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్ రిమోటు మీద నల్లబటన్, తెల్లబటన్ అని రెండు వుండేవి. తర్వాతి రిమోట్లలో అవి మాయమయ్యాయి. వాటి పని ఇప్పుడు భుజాల మీద వున్న రెండు బటన్లది. తెల్లదాని పని ఎడమ భుజం, నల్లదాని పని కుడి భుజం చేస్తున్నాయి. పాత పుస్తకం ముందు పెట్టుకుని కొత్త రిమోటు మీద తెల్లబటన్ కోసం వెతికితే రాత్రి తెల్లవారుతుంది.

ఇక ఇప్పుడు కొనాలనుకునే వారి సంగతి. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. దాని కొత్త రిమోటుతో ప్లేస్టేషన్ 4 ఆటలు ఇబ్బంది లేకుండా ఆడవచ్చు. ఇంట్లో వున్న ప్లేస్టేషన్ 4 రిమోటు కూడా ఆ పాత ఆటలకు పనికివస్తుంది. కానీ ప్లేస్టేషన్ 5 కోసం తయారైన ఆటలకు అది చెల్లదు. మామూలు రిమోటు రెండోది వుంది కదా, పిల్లలిద్దరూ ఆడుకుంటారని లెక్కవేసుకున్న తండ్రి జేబుకు ఇక్కడే చిల్లు పడుతున్నది. కొత్త రిమోటును నేరుగా పాత ప్లేస్టేషన్ 4కు తగిలించి ఆడదామంటే అదీ కుదరదు. అన్నిటికన్నా ముఖ్యంగా, డిస్కు పెట్టే సందు లేని తొలినాటి చవక రకం కొంటే ఇంట్లోని పాత డిస్కులన్నీ గోడకు వేలాడదీసుకోవలసిందే. సందు వున్న రకంలోనైనా ప్లేస్టేషన్ 1, 2, 3 డిస్కులు ఆడవు. అటకమీది డిస్కులకు అటకమీది మెషినే దిక్కు.

ఆ మెషిన్ తయారీని 2013లో ఆపేశారు. 15 కోట్లకు పైగా అమ్ముడైంది. మన హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ వారు హనుమంతుడి బాల్యం మీద తయారుచేసిన ఆట 2009లో విడుదలైంది కూడా యీ ప్లేస్టేషన్ 2 మీదనే. అట్టపెట్టెలోని మూడో డిస్కు అదే.

మళ్లీ వరండాలోకి వస్తే, పందెం ఒక చుట్టు పూర్తయ్యాక తెరమీద పేర్లు, సమయాలు వచ్చాయి. అన్నిటికన్నా పైన మా బావ పేరులోని మొదటి మూడక్షరాలు వున్నాయి. ఎప్పుడో పెళ్లికి ముందు ఆడి దాచుకున్నది, ఆ పాతకార్డు సందులోనే వుండిపోయింది. మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసుకుని, "నాన్నా, నీది దాటేస్తా చూడు" అన్నాడు. "దీపం ఆర్పి ఆడు" అని అటునుంచి జవాబు వచ్చింది. వచ్చే సెలవుకు వచ్చినప్పుడు పందెం వేసుకుందామని ఒప్పందం కుదిరింది. అక్కయ్య మాత్రం పరీక్షలయ్యాకే అని మధ్యలో అడ్డుపడింది.

పాత సామాన్లవాడు అప్పటిదాకా అరుగుమీద కూర్చుని అంతా చూశాడు. చివరికి మూల పడివున్న పాత పేపర్లు తూకం వేసుకుని వెళ్లాడు. అందులో ఈ విలేకరి రాసిన వార్తలూ వున్నాయి.