పేరు పిలిస్తే పలికే కంప్యూటర్లు

ఒకే గదిలో, ఒకే రూటరుకు కలిపి ఉన్నా సరే, కంప్యూటర్ల మధ్య సమాచారం పేర్లను బట్టి నడవదు. 192.168.1.20 లాంటి ఐపీ అడ్రసు కావాలి. పేరు మనిషికి గుర్తుండటానికి. ఆ పేరు ఏ అడ్రసుదో కనుక్కోవడమే నేమ్ రిజల్యూషన్.

కోరుట్లలో ఒక డీటీపీ షాపు, అందులో మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్నాయనుకుందాం. పెళ్లిపత్రికను ‘ప్రింటర్.లోకల్’కు పంపమనగానే కంప్యూటరు ముందు తన దగ్గరే వెతుక్కుంటుంది. ఇటీవల తెలిసిన అడ్రసులను అది కొద్దిసేపు గుర్తుంచుకుంటుంది. దాంతోపాటు పేర్లు, వాటి అడ్రసులు రాసుకునే ‘హోస్ట్స్’ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఇంటర్నెట్‌కు ముందరి అర్పానెట్ రోజుల్లో మొత్తం నెట్‌వర్కు పేర్ల పట్టిక ఇలాంటి ఒక్క ఫైలే. కంప్యూటర్లు పెరిగి ఆ పట్టిక మోయలేని బరువయ్యాకే 1983లో పాల్ మొకాపెట్రిస్ పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే డీఎన్ఎస్‌కు రూపమిచ్చాడు.

తన దగ్గర దొరక్కపోతే? ఇంటర్నెట్ పేర్లను డీఎన్ఎస్ సర్వరును అడుగుతుంది. షాపులోని ప్రింటరు సంగతి ఆ సర్వరుకేం తెలుసు? అందుకే ‘.లోకల్’ పేర్లకు ఎండీఎన్ఎస్ అనే పద్ధతి ఉంది. దాని ప్రమాణం 2013లో వెలువడింది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మోత మధ్య పేరుపెట్టి కేకేస్తే ఆ పేరుగల మనిషే తిరిగి చూసినట్టు, ప్రశ్న 224.0.0.251 అనే ఉమ్మడి అడ్రసుకు వెళ్తుంది. అందరూ వింటారు, పేరుగలవాడే పలుకుతాడు. కొత్తగా చేరిన యంత్రం ‘ఈ పేరు ఎవరికైనా ఉందా?’ అని పావు సెకను తేడాతో మూడుసార్లు అడిగాకే ఆ పేరు పెట్టుకుంటుంది. ఈ పద్ధతిలో పేరు తెలుగు లిపిలోనూ ఉండవచ్చు. చక్కని ఏర్పాటు.

కేక వాడ దాటదు, ప్రశ్న రూటరు దాటదు. జగిత్యాల జిల్లా నాచుపల్లిలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వంటి పెద్ద ప్రాంగణంలో ల్యాబులను, హాస్టళ్లను వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీస్తే, పేర్ల కోసం సొంత డీఎన్ఎస్ సర్వరు పెట్టుకోవడమే మేలు.

మళ్లీ షాపు సంగతికొస్తే, కరెంటు పోయి వచ్చాక రూటరు ప్రింటరుకు వేరే అడ్రసు ఇవ్వవచ్చు. పాత అడ్రసు ఎవరైనా హోస్ట్స్ ఫైలులో రాసి ఉంటే కంప్యూటరు దాన్నే నమ్ముతుంది, పత్రిక అచ్చుకాదు. వైరు పీకి పెట్టడం వృథా. ప్రింటరు కొత్త అడ్రసుకు పింగ్ కొడితే, అంటే ‘ఉన్నావా’ అని అడిగితే, జవాబు వచ్చి, పేరుకు కొడితే రాకపోతే లోపం పేరు దగ్గరే. ఫైలులోని ఆ వరుస తీసేసి, రూటరులో ప్రింటరుకు ఒక అడ్రసు ఖాయం చేస్తే సరిపోతుంది.

ఈ కేకల పద్ధతిలో పలికినవాడు అసలువాడేనా అని సరిచూసే ఏర్పాటు లేదు. విండోస్‌లో ఇదే కోవకు చెందిన ఎల్ఎల్ఎంఎన్ఆర్‌దీ అదే బలహీనత. అదే వైఫైలో చేరిన ఏ ల్యాప్‌టాపైనా ‘నేనే’ అని బదులిచ్చి పాస్‌వర్డు వివరాలు రాబట్టే ప్రయత్నం చేయగలదు. సాంచాల యజమాని లెక్కలున్న కంప్యూటరుకూ ఆ ముప్పు ఉంది. అక్కర లేనిచోట ఎల్ఎల్ఎంఎన్ఆర్‌ను ఆపేయాలి, వచ్చిపోయేవారికి గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వాలి.