జనాభా పటానికి రంగులు వేసే నియమాలు

సాంఘికశాస్త్రం పరీక్షలో మనం పటానికి రంగు పెన్సిళ్లతో రంగులు వేస్తాం. అదే పనిని కంప్యూటరుకు నియమాలుగా రాసి చెప్పవచ్చు. అందుకు కార్టోసీఎస్ఎస్ అనే భాష ఉంది. వెబ్ పేజీలకు రూపమిచ్చే సీఎస్ఎస్‌ను ఇది పోలి ఉంటుంది.

ముందుగా దేశాల సరిహద్దులు, జనాభా అంకెలు కావాలి. నేచురల్ ఎర్త్ అనే సమాచార నిధిలో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఆపై నియమాలు ఇలా రాస్తాం:

1. దేశాలన్నింటికీ లేత పసుపు.
2. జనాభా 1 కోటి దాటితే నారింజ.
3. 10 కోట్లు దాటితే ఎరుపు.
4. 100 కోట్లు దాటితే ముదురు ఎరుపు.

'దాటితే' అన్న షరతునే ఫిల్టర్ అంటారు. భారత్, చైనాలకు నాలుగు నియమాలూ వర్తిస్తాయి. అటువంటప్పుడు సమాన స్థాయి షరతుల్లో కింద రాసినదే చెల్లుతుంది. 2, 3, 4 నియమాల వరుస తిరగేస్తే మన దేశం నారింజ రంగులో మిగిలిపోతుంది.

మొదటి నియమం తీసేస్తే? భూటాన్, మాల్దీవులు వంటి దేశాలు రంగు లేకుండా పోతాయి. అక్కడ మనుషులే లేరని చూసేవారు అనుకుంటారు. తక్కువ మంది ఉన్నంత మాత్రాన లేనట్టు కాదు కదా!

మరొక సంగతి. రష్యా, బంగ్లాదేశ్ రెండూ ఎరుపే. కానీ రష్యా వైశాల్యం 100 రెట్ల పైమాటే. కంటికి అదే కిక్కిరిసినట్టు తోస్తుంది. నిజం తెలియాలంటే జనాభాను వైశాల్యంతో భాగించి, జనసాంద్రతకు రంగులు వేయాలి.

కనుక ఏ పటం చూసినా రంగులకన్నా ముందు సూచిక చదువుదాం. గీత ఏ అంకె దగ్గర గీశారో, దాని వల్ల ఎవరు కనబడకుండా పోయారో అడుగుదాం.