ఫిర్దౌసు స్త్రీల వాద్యగోష్ఠి

అరబ్బుదేశ మన్న మాటకు కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల గృహిణులకు వేఱొకరు అర్థము చెప్ప నక్కఱలేదు. కువైటునకో దుబాయికో బ్రతుకుతెరువు వెదకికొని పోయినవారు మన యిరుగుపొరుగుననే యుందురు. బిడ్డలను అవ్వ యొడిలో విడిచి, పరుల యిండ్ల వంటచేయ బోయిన తల్లులును వారిలో గలరు. అచ్చటినుండి మనకు వచ్చునవి పైకము, ఖర్జూరములు, అత్తరు, రాత్రివేళ ఫోనులో వినవచ్చు నొక గొంతు. ఆ దేశపు పాట యెట్లుండునని మాత్రము మన మెన్నడును అడిగి యెఱుగము.

ఆ దుబాయిలోనే 2021వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన నొక కచ్చేరి జరిగినది. ప్రపంచ ప్రదర్శన మచట ఆ నెల మొదటనే ఆరంభమై యుండెను. వేదికపై కూర్చున్నవారు సుమారు ఏబదిమంది, అందఱును స్త్రీలే. అరబ్బుసీమలకు చెందిన యిరువదికి పైగా జాతులవారు. ఆ బృందమునకు ఫిర్దౌసు అని పేరు. అరబ్బీలో ఫిర్దౌసన స్వర్గము. చేతికోల బట్టి అందఱిని నడపిన వాద్యనాయకురాలు లెబనాను దేశీయురాలగు యాస్మినా సబ్బా. బృందమును తీర్చిదిద్దినవారు ఏ. ఆర్. రహమానుగారు. 1992లో వచ్చిన ‘రోజా’ పాటలు మొదలుకొని వారి సంగీతము మన యిండ్లలో మ్రోగుచునే యున్నది. కడప పెద్దదర్గాకు వారు వచ్చిపోవుటయు మన పడమటివారికి క్రొత్త సంగతి కాదు.

ఫిడేళ్లు మొదలగు పాశ్చాత్య వాద్యములతో అరబ్బు సంగీతమును కలిపి వాయించుటలో వింత యేమున్నదని కొంద ఱడుగవచ్చును. ఎడారి కథయగు ‘లైలా మజ్ను’ను 1949లోనే భరణీవారు తెలుగున చిత్రముగా తీయగా, సుబ్బరామన్ గారు దానికి కమ్మని సంగీతమును కూర్చిరి గదా! నిజమే. కాని సినిమాపాటలో ఎడారివాసన చూపుట యొకటి. రెండు శాస్త్రములను సరిసమానముగా నొక్క పంక్తిని కూర్చుండబెట్టుట వేఱొకటి. రెండవది మిక్కిలి కష్టము. ఆ కష్టము సంగీత మెఱిగిన మన యాడువారికి సులువుగనే బోధపడును.

మన సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ నొక స్వరమును ఊహించుకొనుడు. అరబ్బులు రాగమును మకామ్ అందురు. వారి ‘రాస్త్’ అను మకామునకు ఆ నడిమి గాంధారమే ప్రాణము. పియానోపై ఈ రెండు గాంధారముల మెట్లును ప్రక్కప్రక్కనే యుండును గాని, నడుమ మెట్టు లేదు. హార్మోనియముపై గమకము పలుకదని ఆలిండియా రేడియోవారు 1940లో దానిని బహిష్కరించి 1971 వఱకు దరిజేరనీయ లేదు. కైరో నగరమున 1932లో అరబ్బు సంగీత మహాసభ కూడినప్పుడును ఇట్టి వాదమే చెలరేగెను. పియానో వంటి వాద్యములను తమ సంగీతమున చేర్చుకొనవచ్చునా కూడదా యని అచట పండితులు తర్కించుకొనిరి. ఐరోపానుండి బార్టోక్, హిండెమిత్ వంటి ప్రసిద్ధ సంగీతకర్తలును ఆ సభకు వచ్చిరి.

అరబ్బుల వాద్యములు ఆ నడిమి స్వరమునకై పుట్టినట్లే యుండును. ‘ఊద్’ అనునది సగము కోసిన బేరిపండు వలె నుండు తంత్రీవాద్యము. మన వీణకు ఇరువదినాలుగు మెట్లు. దీనికి ఒక్కటియు లేదు. కనుక వ్రేలు ఎచ్చట నిలిచిన అచ్చటనే స్వరము. ‘కానూన్’ను ఒడిలో నుంచుకొని చూపుడువ్రేళ్లకు తొడిగిన గోళ్లతో మీటుదురు. తంత్రుల చివర చిన్నచిన్న లోహపు మీటలుండును; వానిని ఎత్తి దించినచో స్వరము వెండ్రుకవాసి మారును. వాయించుచునే ఎడమచేతితో వానిని సవరించుట కన్నులపండువుగా నుండును.

మఱి యీ రెంటిని కలుపుట యెట్లు? పాశ్చాత్యులు నాలుగైదు స్వరముల నొక్కమాఱు పలికించి పొందిక కూర్తురు. నడిమి గాంధారము ఆ పొందికలో నిమిడినదా, వినువారికి శ్రుతి తప్పినట్లే తోచును. అందుచేత సంగీతకర్త ఊద్ పలుకునప్పుడు తక్కిన ఏబది వాద్యములను మౌనముగా నుంచవలెను. కానిచో పండ్రెండు స్వరములకు లొంగు మకాములనే యేరుకొనవలెను. అట్టివానిలో ‘అజమ్’ ఇంచుమించు మన శంకరాభరణమే. ‘హిజాజ్‌కార్’ స్వరస్థానములు చూచితిరా, మన పిల్లలు మొట్టమొదట సరళీవరుసలు పాడుకొను మాయామాళవగౌళయే! గమకములు వేఱు, నడక వేఱు; మెట్లు మాత్ర మవియే. ఇది తెలిసిననాడు నాకు కలిగిన యాశ్చర్యము ఇంతంత కాదు.

మూడు సంగీతములకును చుట్టమైన వాద్యము ఫిడేలు. బాలుస్వామి దీక్షితులవారి కాలమునుండి అది మనదయ్యెను. ఈజిప్టువారును తంత్రుల శ్రుతి మార్చి దానిని తమ దానిగా చేసికొనిరి. మెట్లు లేని వాద్యమగుటచే ఎవరింట నడుగిడిన వారి పలుకే పలుకును. అత్తవారింటి భాష నేర్చిన కోడలివలె నని యొక స్నేహితురాలన్నది. పుట్టింటి భాష మఱువలేదని నేను చేర్చితిని.

ఇట్టి కూర్పులన్నియు నాకు నచ్చునని చెప్పజాలను. ఫిడేళ్ల హోరు నడుమ ఊద్‌ను నాలుగు మీటులకు పిలిచి పంపివైచు కచ్చేరులు పెక్కు గలవు. అది కలయిక కాదు, పెండ్లికి పిలిచి పీట వేయకపోవుట. ఊద్ ఒంటిగా ‘తక్సీమ్’ అను ఆలాపన చేయుచుండ తక్కినవా రందఱు విల్లులు దించి వినుచుందురే, ఆ ఘట్టములనే నేను మఱల మఱల వెదకికొని విందును.

ఫిర్దౌసు కచ్చేరిని చూచునప్పుడు నా మనస్సున మెదలిన దింకొకటి కలదు. మన యిండ్లలో ఆడుబిడ్డకు సంగీతము చెప్పింతుము. పెండ్లిచూపులనాడు రెండు కీర్తనలు పాడింతుము. పిమ్మట వీణ అటకెక్కును. అచ్చట ఏబదిమంది స్త్రీలు అదే విద్యను వృత్తిగా పట్టుకొని కూర్చుండిరి. మన యూరి తల్లి యొకతె ఆ నగరమందే యెవరి వంటయింటనో యుండియుండును. ఆ సంగీతము ఆమె చెవిని బడెనో లేదో.

ఈమాఱు ఫోను వచ్చినపుడు పైకము మాటయు, ఆరోగ్యము మాటయు ముగిసిన తరువాత, ఆ యింట ఏ పాట మ్రోగుచున్నదో యొక్కమా ఱడుగుడు. వీలైనచో ఫోనును ఆ ప్రక్కకు త్రిప్పుమనుడు.