ఈటీవీ

ఈటీవీ హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ప్రైవేటు తెలుగు టెలివిజన్ ఛానల్. ఈనాడు దినపత్రిక వ్యవస్థాపకుడు రామోజీరావు (1936-2024) దీనిని 1995 ఆగష్టు 27న ప్రారంభించాడు. పేరులోని 'ఈ' ఈనాడుకు సంక్షిప్త రూపం. తెలుగు ఛానల్‌గా మొదలైన ఈ సంస్థ తరువాతి కాలంలో రాష్ట్ర సరిహద్దులు దాటి అనేక భారతీయ భాషలలో ప్రసారాలు నడిపింది.

నేపథ్యం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు తెలుగు వీక్షకులకు దూరదర్శనే దిక్కు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం కూడదని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జెమినీ టీవీ, ఈటీవీ రెండూ ఆ సంవత్సరంలోనే వెలువడ్డాయి.

అయితే భారత భూభాగం నుండి ఉపగ్రహానికి సంకేతాలు పంపే హక్కు అప్పటికి ప్రైవేటు సంస్థలకు లేదు. ఆనాటి ప్రైవేటు ఛానళ్ళు ఇక్కడ తీసిన కార్యక్రమాలను విదేశీ భూకేంద్రాల ద్వారా ప్రసారం చేయవలసి వచ్చేది. పక్క జిల్లాలోని వీక్షకుడికి చేరవలసిన కార్యక్రమం కూడా ముందు దేశం దాటి వెళ్ళి రావలసిందే. ఈ నిబంధనలను ప్రభుత్వం 1998లో కొంతమేరకు, 2000లో మరింతగా సడలించింది.

ఇతర రాష్ట్రాలకు విస్తరణ

2000-2002 మధ్య మరాఠీ, బెంగాలీ, కన్నడం, ఉర్దూ, గుజరాతీ, ఒరియా భాషలలోను, బీహార్, ఉత్తర ప్రదేశ్, మధ్య ప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలకు హిందీలోను ఈటీవీ ఛానళ్ళు వచ్చాయి. వీటన్నిటికీ కేంద్రం హైదరాబాదు శివార్లలోని రామోజీ ఫిల్మ్ సిటీయే. ఎక్కడో బెంగాల్లోనో బీహార్లోనో జరిగిన సంఘటన దృశ్యాలు ఇక్కడికి చేరి, ఇక్కడ వార్తగా కూర్చబడి, తిరిగి ఆ రాష్ట్రానికే ప్రసారమయ్యేవి. స్టూడియోలు, సాంకేతిక సిబ్బంది ఒకేచోట ఉండడం వలన ఖర్చు కలిసివచ్చేది.

కార్యక్రమాల నమూనాలు కూడా ఇలాగే భాష మారాయి. తెలుగులో 1996లో మొదలైన పాటల పోటీ పాడుతా తీయగాను నడిపిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఈటీవీ కన్నడలో ఎదె తుంబి హాడువెను కార్యక్రమానికీ వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. రైతుల కోసం రూపొందించిన అన్నదాతకు మాత్రం మూలం టీవీ కాదు, 1969లో ఇదే సంస్థ ప్రారంభించిన అదే పేరుగల పత్రిక.

యాజమాన్య మార్పులు

2012లో ప్రకటించిన ఒప్పందం ప్రకారం 2014లో తెలుగేతర వార్తా ఛానళ్ళు పూర్తిగాను, తెలుగేతర వినోద ఛానళ్ళలో సగం వాటా టీవీ18 సంస్థకు చేరాయి. తెలుగు ఛానళ్ళలో ఆ సంస్థకు దక్కినది 24.5 శాతమే. వినోద ఛానళ్ళు 2015లో కలర్స్‌గా, వార్తా ఛానళ్ళు ఆ తరువాత న్యూస్18గా పేరు మార్చుకున్నాయి. పదేళ్ళకు పైగా పొరుగు రాష్ట్రాల ఇళ్ళలో వినిపించిన ఈటీవీ పేరు అలా తెరమీద నుండి తొలగింది.

రాష్ట్ర విభజన తరువాత

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో సరిహద్దు సొంత ఇంటిలోకే వచ్చింది. 2003లో వార్తల కోసం మొదలైన ఈటీవీ2, ఈటీవీ ఆంధ్రప్రదేశ్‌గా మారగా, కొత్తగా ఈటీవీ తెలంగాణ వచ్చింది. అంతకు ముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలోని కేసముద్రం ప్రేక్షకుడూ, కృష్ణా జిల్లా ప్రేక్షకుడూ చూసినది ఒకే వార్తా ఛానల్. 2016లో కేసముద్రం మహబూబాబాద్ జిల్లాలో చేరింది. వినోదానికి సంబంధించిన ప్రధాన ఛానల్ మాత్రం రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగానే ఉంది.

2019 మార్చి 21న ఇదే గ్రూపు ఇంగ్లీషుతో కలిపి 13 భాషలలో ఈటీవీ భారత్ అనే మొబైల్ వార్తా సేవను ప్రారంభించింది. అమ్మివేసిన ఛానళ్ళ భాషలు చాలావరకు ఇందులో మళ్ళీ చోటు చేసుకున్నాయి.