ఒకే గాజుపెట్టెలో రెండు మగ బల్లులు ఎందుకు ఇమడవు?

ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటూ పాశమైలారంలో షిఫ్టులకు వెళ్లే ఒక కుర్రాడు ఆ మధ్య ఫోన్ చేశాడు. "అన్నా, ఎనిమిది నెలలు అన్నదమ్ముల్లెక్క ఉన్నయి. ఒకే డబ్బాల పండేవి. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ఒకదాని తోక తెగి పడున్నది. ఏమైందంటవ్?" అతను పెంచుతున్నవి చిరుత మచ్చల బల్లులు. లెపర్డ్ గెకో అంటారు. అమ్మినతను రెండూ ఆడవేనని చెప్పాడట.

జవాబు చెప్పే ముందు, ఆ రాత్రి డ్యూటీలో షెడ్డు గోడ మీది ట్యూబ్‌లైటును కాసేపు చూడమన్నాను. టీ తాగే పది నిమిషాలు చాలు.

తొలకరి పడ్డాక పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఏ ఫ్యాక్టరీ గోడ మీదైనా ఇదే కథ. లైటు చుట్టూ ఉసిళ్లు, వాటి కోసం బల్లులు. లైటుకు దగ్గరి జాగా ఒక పెద్ద మగబల్లిది. ఆడవి పక్కకొస్తే ఊరుకుంటుంది. ఇంకో మగది వచ్చిందా, కాళ్ల మీద లేచి, వీపు విల్లులా వంచి, తోకను పాములా మెల్లగా ఆడిస్తుంది. టక్ టక్ టక్ అని వరసగా పలుకుతుంది. మనం "సత్యం, సత్యం" అనుకునే ఆ పలుకు పక్క బల్లికి మాత్రం 'ఇటు రాకు' అన్న హెచ్చరిక. డేల్ మార్సెల్లిని అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలో ఈ ఇంటి బల్లుల పలుకులనే రికార్డు చేసి, వరస పలుక్కీ జాగా కాపలాకీ ఉన్న సంబంధాన్ని చూపించాడు. వచ్చినది అప్పటికీ కదలకపోతే ఒక్క ఉరుకు, ఒక్క కాటు. ఓడింది మీటరు బాక్సు వెనక్కి దూరుతుంది. గెలిచింది మళ్లీ ఉసిళ్ల మీద పడుతుంది. వెనకాలే వెళ్లి చంపదు. అవతలిది కళ్ల ముందు నుంచి పోతే దానికి చాలు.

గాజుపెట్టెలో లేనిది ఆ మీటరు బాక్సు.

రెండడుగుల పెట్టెలో ఓడిన బల్లి ఎటు పోతుంది? పైగా మన ఇంటి బల్లిలా గోడ ఎక్కే పాదాలు దీనికి లేవు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతంలోని రాళ్ల నేలల జీవి ఇది. గాజు మీద గోళ్లు జారిపోతాయి. మూలకు నక్కుతుంది. గెలిచినదానికి అది ఓడినట్టు ఎలా తెలియాలి? ఇంకా ఇక్కడే ఉంది, వాసన ఇంకా వస్తూనే ఉంది. కాబట్టి మళ్లీ కరుస్తుంది. పది సెకన్లలో తేలిపోవాల్సిన తగాదా రోజుల తరబడి సాగుతుంది. ఒక ఒరలో రెండు కత్తులంటారు గానీ, తప్పు కత్తులది కాదు, ఒరది.

మరి ఎనిమిది నెలలు ఎలా కలిసి ఉన్నాయి? అప్పుడవి పిల్లలు. మగ హార్మోన్లు పెరిగాకే జాగా మీద ఆశ పుడుతుంది. చిన్న పిల్లను చూసి ఆడో మగో చెప్పడం అమ్మేవాడికీ కష్టమే. ఈడొచ్చాక కడుపు వైపు తిప్పి చూస్తే తెలుస్తుంది: మగదానికి తోక మొదట్లో రెండు ఉబ్బులు, వాటికి ముందు V ఆకారంలో వంగిన మైనపు చుక్కల వరస.

ఒకదాన్నొకటి మగదని అవి గుర్తుపట్టేది మాత్రం ఎక్కువగా చర్మం వాసనతో. దీని మీద మేసన్, గట్జ్‌కీ 1990లో రాసిన వ్యాసం నాకు భలే ఇష్టం. మామూలు రోజుల్లో ఆడదాని వెంట పడిన మగబల్లి, అదే ఆడది కుబుసం విడుస్తున్నప్పుడు శత్రువును చూసినట్టు మీద పడింది. కుబుసం ఊడిపోగానే మళ్లీ ప్రేమ! ఆడవాసన చర్మంలో ఉంటుంది. పాత చర్మం ఊడే వేళ అది అందదు.

ఇంకో సంగతి. ఈ జాతిలో ఆడా మగా తేల్చేది గుడ్డు పొదిగే వేడి. 26 డిగ్రీల దగ్గర ఆడవి, 32.5 దగ్గర ఎక్కువగా మగవి పుడతాయి. టెక్సాస్‌లో డేవిడ్ క్రూస్ బృందం చేసిన పనిలో, ఎక్కువ వేడిలో పొదిగిన ఆడవి కూడా చల్లటి గుడ్ల ఆడవాటికంటే దూకుడుగా కనిపించాయి. కాబట్టి 'రెండూ ఆడవే' అన్న మాట నిజమైనా నిశ్చింతగా ఉండటానికి లేదు.

పెంచేవాళ్లు ఎక్కువగా మోసపోయేది కాట్లు లేని తగాదాతో. నెత్తురు కనబడదు. ఒకటి ఎప్పుడూ వెచ్చటి మూలనే ఆక్రమించి ఉంటుంది, రెండోది బయటికి రాదు, తిండి మానేస్తుంది, కొవ్వు దాచుకునే తోక సన్నబడుతుంది. మన సంగారెడ్డి జిల్లాలో చలికాలం రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగినప్పుడు పెట్టెలో హీట్ మ్యాట్ ఉన్న చోటే బతుకు. ఆ చోటు ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో చల్లటి మూల కోసం పోటీ. రెండు జతల గూళ్లు పెట్టినా బలమున్నది అన్నింటి మీదా తిరుగుతుంది. పెద్ద పెట్టె కొన్నంత మాత్రాన తీరేది కాదిది.

అతనికి చెప్పింది ఇదే: ఈ రాత్రికే వేరు చెయ్యి. ఇసుక తీసేసి తెల్ల టిష్యూ పరుచు, నెత్తురు మరక పడితే కనబడుతుంది. పసుపు అద్దకు, పొడి గాయంలో గడ్డకడుతుంది. తోక మొదలు నల్లబడినా, వాచినా డాక్టరుకు చూపించు. పెట్టెలు పక్కపక్కనే పెడితే మధ్యలో అడ్డం పెట్టు, ఒకదానికొకటి కనబడితే గాజుకు తలలు కొట్టుకుంటూ కూర్చుంటాయి.

కంపెనీ నుంచి ప్యాకింగ్ అట్ట తెచ్చి అడ్డం పెట్టాడు. వారం దాటాక ఓడినది పురుగును పట్టి తింది. మూడో నెలకు కొత్త తోక వచ్చింది. కొసంటూ లేకుండా, పొట్టి ముల్లంగిలా ఉంది. లోపల ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి కడ్డీ మాత్రమే.

"ఇప్పుడు తగ్గిపోయింది గదన్నా, అట్ట తీసి ఒక్కసారి చూద్దమా?" అని అడిగాడు మొన్న.

వద్దన్నాను.