హెరాల్డ్ క్లచ్ మార్చడం

పాత కార్లన్నింటిలో క్లచ్ మార్చే పని ఒకేలా ఉండదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో ఇంజిన్ బయటికి తీస్తేగాని క్లచ్ చేతికందదు. దానిలాగే 1962లో మొదలై 1980లో ఆగిపోయిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో ఇంజిన్ జోలికి వెళ్లనక్కర్లేదు. సీట్లు తీసి, గేర్ బాక్సును కారు లోపలినుంచే బయటికి లాగొచ్చు. స్పిట్‌ఫైర్ మన దేశంలో తయారు కాలేదు గానీ, ఏ ఛాసిస్‌ను పొట్టి చేసి దాన్ని కట్టారో ఆ హెరాల్డ్ మాత్రం తయారైంది. ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోత్తి రూపం దిద్దిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో వచ్చింది. 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ కంపెనీ దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మన రోడ్ల మీదికి తెచ్చింది. ఇంజిన్ 948 సీసీ. రెండు కార్ల ఛాసిస్ మూలం ఒకటే కాబట్టి హెరాల్డ్ క్లచ్ పని తెలిసిన మెకానిక్‌కు స్పిట్‌ఫైర్ పని కొత్త కాదు.

క్లచ్‌లో ముఖ్యమైన భాగాలు మూడు. ఇంజిన్ వెనక తిరిగే ఫ్లైవీల్‌కు బోల్టులతో బిగించిన ప్రెషర్ ప్లేటు, ఆ రెండింటి మధ్య నలిగే క్లచ్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటును నొక్కి పట్టు వదిలించే రిలీజ్ బేరింగు. కాలు పెడల్ మీద లేనప్పుడు స్ప్రింగుల బలం క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి ఉంచుతుంది. ఇంజిన్ శక్తి గేర్ బాక్సుకు చేరుతుంది. తొక్కగానే ఆ పట్టు సడలుతుంది. హెరాల్డ్‌లో పెడల్‌కూ బేరింగుకూ మధ్య తీగ ఉండదు, ద్రవం ఉంటుంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరు, గేర్ బాక్సు పక్కన స్లేవ్ సిలిండరు, వాటిని కలిపే గొట్టం.

గజపతినగరంలో చంపావతి ఒడ్డు నుంచి రామభద్రపురం మీదుగా సాలూరు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారిలో, అంటే పాత 43వ నంబరు రోడ్డులో, క్లచ్ అరిగిన సంగతి చాలాసార్లు బయటపడదు. నేల చదును, గేర్లు మార్చే అవసరం తక్కువ. సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కుతుంటే అసలు విషయం తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. కాలిన వాసన వస్తుంది. ఇది క్లచ్ జారడం. ప్లేటు అరిగిపోయైనా ఉండాలి, దాని మీద ఆయిల్ పడైనా ఉండాలి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన జబ్బు ఇంకొకటుంది. పెడల్ నేలదాకా తొక్కినా రివర్స్ గేరు కరకరమంటుంది, మొదటి గేరు పడదు. ఇక్కడ క్లచ్ పట్టు వదలడం లేదు. ఈ లక్షణం చూసి వెంటనే గేర్ బాక్సు ఊడదీయడం చాలా షెడ్లలో జరిగే తొందరపాటు. ఎక్కువసార్లు తప్పు ద్రవం దారిలోనే ఉంటుంది. స్లేవ్ సిలిండరు మీది రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే తడి కనిపిస్తుంది, లేదా పెడల్ మెత్తగా దిగిపోతుంది. సిలిండరు లోపలి రబ్బరు సీళ్లు మార్చి, లైన్లో గాలి తీసేస్తే పని అయిపోతుంది. అందులో పోయాల్సింది బ్రేక్ ఆయిల్ మాత్రమే. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం పెయింటును తినేస్తుంది కాబట్టి పాత కారు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

తప్పు లోపలే ఉందని తేలాక, ఊడదీయకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. చిన్న ట్రయంఫ్ ఇంజిన్లలో అందరూ ఎరిగిన బలహీనత థ్రస్ట్ వాషర్లు. పెడల్ తొక్కిన ప్రతిసారీ రిలీజ్ బేరింగు తోపు ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్ దాటి క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది. ఆ తోపును ఆపేవి వెనక మెయిన్ బేరింగు దగ్గరుండే రెండు అర్ధచంద్రాకారపు వాషర్లు. అవి అరిగితే క్రాంక్ ముందుకూ వెనక్కూ కదులుతుంది. మరీ అరిగితే వాషరు జారి కింద ఆయిల్ సంప్‌లో పడుతుంది. ఆ తర్వాత క్రాంక్, దాన్ని మోసే బ్లాకు నేరుగా ఒరుసుకుంటాయి. అప్పుడు క్లచ్ ఖర్చు పోయి ఇంజిన్ ఖర్చు మీద పడుతుంది. పరీక్ష సులువు. హెరాల్డ్ బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. ఒకరు పెడల్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ఇంజిన్ ముందున్న పుల్లీని చూడాలి. పుల్లీ ముందుకూ వెనక్కూ కంటికి తెలిసేంత కదిలితే వాషర్లు మార్చకుండా కొత్త క్లచ్ వేయకూడదు. మంచి సంగతేమిటంటే ఇంజిన్ దించనక్కర్లేదు. సంప్ విప్పి, వెనక బేరింగు మూత తీసి కిందనుంచే కొత్త వాషర్లు ఎక్కించొచ్చు. ఈ కారణంగానే అవసరానికి మించి గట్టి స్ప్రింగులున్న ప్రెషర్ ప్లేటు ఈ కార్లకు మంచిది కాదు. స్ప్రింగు ఎంత గట్టిదైతే వాషర్ల మీద అంత తోపు.

ఇక ఊడదీయడం. ముందుగా బ్యాటరీ వైరు తీయాలి. ముందు సీట్లు, కార్పెట్, గేర్ బాక్సు మీది కవరు తీస్తే బాక్సు మొత్తం కళ్లెదుట ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు, స్పీడోమీటర్ కేబులు, గేర్ లివరు, స్టార్టర్ మోటారు, స్లేవ్ సిలిండరు విప్పాలి. ఇంజిన్ వెనక్కి ఒరగకుండా సంప్ కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాలి. క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగు చుట్టూ ఉన్న బోల్టులు విప్పాక బాక్సును తిన్నగా వెనక్కి లాగాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. బాక్సు బరువు షాఫ్ట్ మీద వేలాడితే క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు కొత్త ప్లేట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

బెల్ హౌసింగులో పేరుకున్న నల్లటి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదే అలవాటు మానుకోవాలి. పాత క్లచ్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పిల్లల్ని షెడ్డు దగ్గరికి రానివ్వకూడదు.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేస్తూ తీయాలి. ఒకవైపే విప్పితే ప్లేటు మెలి తిరుగుతుంది. బయటికొచ్చిన ఫ్లైవీల్ ముఖాన్ని జాగ్రత్తగా చూడాలి. నీలిరంగు మచ్చలుంటే అది విపరీతంగా వేడెక్కిందని అర్థం. గీతలు, సన్నటి పగుళ్లు ఉంటే విశాఖ ఆటోనగర్‌లాంటి చోట లేతు మీద ఫేసింగ్ చేయించాలి. పగులు లోతుగా ఉంటే ఆ ఫ్లైవీల్ వాడకూడదు. క్రాంక్ చివరనున్న చిన్న బుష్ అరిగితే గేర్ బాక్సు షాఫ్ట్ కొట్టుకుంటుంది. ధర తక్కువే, తప్పక మార్చాలి. ఫ్లైవీల్ వెనక ఇంజిన్ ఆయిల్ కారుతుంటే ముందు దాని సంగతి చూడాలి. లేకపోతే కొత్త ప్లేటు కొద్ది నెలల్లోనే ఆయిల్ తాగి జారుతుంది.

పాత ప్లేటుకే కొత్త లైనింగు రివెట్ చేయించే పద్ధతి మన ఊళ్లలో ఉంది. మంచి పనివాడు చేస్తే అది పనికొస్తుంది. కానీ ప్లేటు మధ్యలోని స్ప్రింగులు వదులైనా, షాఫ్ట్ మీద కూర్చునే గాడులు, అంటే స్ప్లైన్లు అరిగినా లైనింగు మార్చి లాభం లేదు. మూడు భాగాలూ కలిపి సెట్టుగా మార్చడమే లెక్కకు సరిపోతుంది. బాక్సు తీసి పెట్టే శ్రమ ఒక్క బేరింగుకైనా అంతే, మొత్తం సెట్టుకైనా అంతే. స్పిట్‌ఫైర్ లక్షల్లో తయారైనందువల్ల దాని విడిభాగాలు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో కొన్ని హెరాల్డ్‌కూ సరిపోతాయి. ప్లేటు కొలత, స్ప్లైన్ల లెక్క పాతదానితో పోల్చి చూశాకే ఆర్డరివ్వాలి. మద్రాసు పుదుప్పేట, కలకత్తా మల్లిక్ బజార్లలో కూడా పాత భాగాలు వెతకొచ్చు.

భాగాలు దొరకలేదని వేరే కారు ఇంజిన్, గేర్ బాక్సు పెట్టేసేవాళ్లున్నారు. కారు విలువ అక్కడే పోతుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అక్షరాలుంటాయి. 1960ల హెరాల్డులు ఇప్పుడు ఆ వయసు దాటేశాయి. అసలు క్లచ్‌ను బాగుచేయించి నిలబెట్టుకోవడమే అందుకు సరైన దారి.

బిగింపులో ప్లేటును సరిగ్గా మధ్యలో నిలపాలి. పాత గేర్ బాక్సు షాఫ్ట్ దొరికితే దాన్ని లోపల గుచ్చి, బోల్టులు ఎదురెదురుగా బిగించాలి. ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు అని రాసి ఉంటే అటే పెట్టాలి. స్ప్లైన్లకు గ్రీజు పలుచగా రాస్తే చాలు, ఎక్కువైతే అది చిమ్మి లైనింగు మీద పడుతుంది. రిలీజ్ ఫోర్కు పిన్ను అరిగిందేమో కూడా అప్పుడే చూడాలి. అన్నీ బిగించాక లైన్లో గాలి తీసి, పెడల్ పైభాగంలో కొద్దిపాటి ఖాళీ కదలిక ఉందో లేదో చూడాలి.

కొత్త లైనింగు ఫ్లైవీల్‌కు అలవాటు పడేదాకా కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. ఆ రోజుల్లో ఘాట్ ఎక్కించకపోవడం మంచిది. ఎత్తులో బండి ఆగితే హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేకు వేయాలి. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు పెడల్ తొక్కి పట్టకుండా న్యూట్రల్‌కు తేవాలి. థ్రస్ట్ వాషర్ల మీద భారం తగ్గేది అలాగే.